ఐదుగురిదీ ఒకే మాట

వంతెన ఆఫీసు గుమస్తాకి ఆ సాయంత్రం టీకొట్టు బల్లే సింహాసనమైంది. మొదట చెప్పుకున్నది చిన్న సంగతే. మూసేసిన పాత వంతెనని రేపు పొద్దున లారీలకి తెరవాలా వద్దా అని ఏటిగట్టు మీది ఆఫీసు గదిలో, మీటింగులో ఐదుగురు నిపుణులు వాదించుకుంటుంటే, ఎవరి మాట వాళ్ళది ఏఐలోకి ఎక్కించింది తనే. ఎక్కడ కలుస్తున్నారో, ఎక్కడ తేడా పడుతున్నారో, ఎవరింకా నోరు విప్పలేదో అది విడమరిచి చూపిస్తుంది. అంతవరకు నిజమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీకొట్టు బాబాయి తెలియదన్నాడు. వంతెన దగ్గర వరసలో మొదటి లారీ ఆయన అల్లుడిది. అందుకే గ్లాసులు కడగడం ఆపి వింటున్నాడు.

ఇక గుమస్తాకి పట్టపగ్గాల్లేవు. పదేళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు ఇంజనీర్లు తన తెర చూసి కళ్ళు తుడుచుకున్నారట, చీఫ్ ఇంజనీరు లేచి తన కుర్చీ ఇచ్చాడట, వద్దంటే బతిమాలాడట, ఈలోగా పైనుంచి ఫోనట, సరిహద్దు తగవు పడ్డ రెండు దేశాలవాళ్ళు తనొస్తే గానీ అన్నం ముట్టమన్నారట, ముందు వంతెన సంగతి తేలనివ్వండని తను పెట్టేశాడట. చివరికి కింద నది కూడా ఒప్పుకుని రెండడుగులు వెనక్కి తగ్గిందట.

"నది చేత సంతకం కూడా పెట్టించావా అబ్బాయ్?" అన్నాడు బాబాయి.

"ఐదుగురిదీ ఒకే మాట బాబాయ్. ఆ ఐదో ఆయన, నీళ్ళలో దిగి స్తంభాలు చూసే డైవరు, నోరు విప్పలేదు. ఆయన్ని అడగండి, అడగండి అని ఏఐ ఒకటే గోల. తల ఊపాడు కదా, ఇంకేం అడగాలి? అంగీకారం అని కొట్టి దాని నోరు మూయించాను."

వెనక బల్ల మీంచి ఎవరో లేచారు. డైవరే.

"నేను తల ఊపలేదు నాయనా. చెవినిండా నీళ్ళు. గదిలో మాటలేవీ వినబడక, తల వంచి దులుపుకున్నాను. ఇంకో స్తంభం మిగిలితే మళ్ళీ దిగాను. పైకొచ్చేసరికి గది ఖాళీ. రేపు తెరిచేముందు పిలుస్తారనుకున్నాను."

గుమస్తా నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మూడో స్తంభం అడుగున మట్టి లేదు," అన్నాడు డైవరు. "స్తంభం కిందికి చెయ్యి భుజం దాకా పోయింది."

బాబాయి పొయ్యి ఆర్పేశాడు.

కోతలు విని నలుగురూ నవ్వి మరిచిపోతారు. కానీ అంగీకారం అన్నది ఆఫీసు కాగితానికెక్కింది. దాని మీద నమ్మకంతో రేపు మనుషులు ఆ వంతెన మీద లారీలు నడుపుతారు. గుమస్తాకి ఆ సంగతి అప్పుడు తెలిసింది. ఫోను తీశాడు. చీఫ్ ఇంజనీరు పలికాడు.

"సార్, వంతెన తెరవకండి. ఏఐ ఒక పొరపాటు..."

అక్కడ ఆగాడు. డైవరు అతన్నే చూస్తున్నాడు.

"కాదండీ. అది అడగమంది. నేనే అడగలేదు."