ఎవ్వర్నీ లేపలే

హలో… ఆ, నేనే చిన్నమ్మా. గౌతమిని.

…ఇంకెవరుంటరు ఇంట్ల, నేను గాక?

…తిన్న. …అబద్ధమెందుకు చెప్త, తిన్న. రాత్రి అన్నంల పచ్చిపులుసు పోస్కొని తిన్న. …గది కూర గాదని నాకు గుడ తెల్సు. నువ్వు తిన్నవా? అరకుల ఏం పెడుతున్నరు మీ రిట్రీటోళ్లు?

…రాగి జావనా? …పొద్దుగాల జావ, మళ్ల రాత్రికి జావ. మీరు ఆడ యోగా నేర్పుతున్నరా, ఉపాసముండుడు నేర్పుతున్నరా?

…ఎవరది నీ పక్కన నవ్వుతున్నది? …ఉమ గారూ అని పిలుస్తున్నది. మంచిగున్నది. నాచారంల ఉమ మేడం, అరకుల ఉమ గారు.

…ఆ. …నిన్న నువ్వడిగిందా?

…ఆలోచించిన.

…మర్చిపోలే చిన్నమ్మా. గట్లెట్ల మర్చిపోత? రిట్రీటు నడిపే సుబ్రహ్మణ్యం సారు నిన్ను ఆడ్నే ఉండిపొమ్మంటున్నడు. రూమిస్తరు, తిండి వాళ్లదే, ఏడాది పొడుగుత క్లాసులుంటయ్. నన్ను ఉప్పల్ల హాస్టల్ల ఏస్తవు, ఇంటర్ అయ్యెదాంక ఆడుంట. నేను ఉండు అంటే ఉంటవు, రా అంటే వస్తవు. గిదే గదా? ఇయ్యాల సారుకు ఏదో ఒకటి చెప్పాలె.

…చెప్త. జరాగు. గది చెప్పే ముందు ఇంకోటి చెప్పాలె. నువ్వు తిట్టద్దు.

…కాలేజి సంగతి గాదు. కాలేజికి ఇయ్యాల పోలే, గది వేరే. …జరం గాదు. ఆనక చెప్త అంటున్న గదా. ఇది పార్కు క్లాసు సంగతి.

…ఆ, పొద్దటి క్లాసే. ఇయ్యాల్టికి నువ్వొస్తవని వాళ్లనుకున్నరు. ఇంకా రాను, నేనొచ్చెదాంక బంద్ అని అందరికి చెప్పమన్నవు. …చెప్పలే. …ఎట్ల చెప్త? శ్యామలమ్మత్త ఫోనెత్తితే ఎవలు, ఎవలు అని ఒర్రుతది. ఆమె ఒర్రుడుల నా మాట నాకే ఇనబడది. మెసేజి వెడితే ఆమెకు సదువురాదు. గందుకే ఎదురుంగ పోయి చెప్దామని పార్కుకే పోయిన.

…పోయేసరికి చాపలు పర్సుకొని కూసున్నరు. శ్యామలమ్మత్త, కృష్ణమ్మవ్వ, గా మందుల కంపెనీల ప్యాకింగ్ చేసే రాణక్క… అందరున్నరు. మీ చిన్నమ్మ ఏదే అన్నరు. ఇంకా రాలే అన్న. అయితే నువ్వే చెప్పు అన్నది రాణక్క. …నేనద్దన్న. …అంటే తలకాయ ఊపిన. నీకు తెల్సు గదా, నేను తలకాయ ఎటు ఊపినా జనం సరే అన్నట్టే అనుకుంటరు.

…ఆ. చెప్పిన. నేనే చెప్పిన క్లాసు.

…నవ్వకు. …ముందుకొచ్చి నిలవడ్డ. ఎప్పుడు ఆఖరి వరుసల, వేపచెట్టు చాటుకు ఉండేదాన్ని గదా. నాకు కనబడేవి వాళ్ల ఈపులే. ముందటికొచ్చి సూస్తే అందరికి మొకాలున్నయ్.

…గదే చెప్తున్న. కుడి చెయ్యి లేపుండ్రి అన్న, నేను గుడ కుడి చెయ్యే లేపిన. …నాకేం తెల్సు? నువ్వు కుడి అనుకుంట ఎడమది లేపుతవని ఎన్నడన్న చెప్పినవా? …అద్దం లెక్కనా. …నువ్వు లేపేది నా కుడి దిక్కుకే ఉంటుండె, గది నీ ఎడమ చెయ్యి అన్న సోయి నాకెన్నడు రాలే. సగం మంది నన్ను సూసి ఎడమది లేపిన్రు. సగం మంది మాట ఇని కుడిది లేపిన్రు. రాణక్క మోచెయ్యి పోయి శ్యామలమ్మత్త ముక్కుకు తాకింది.

…రక్తమేం రాలే. తిట్లొచ్చినయ్.

…నువ్వు గంత నవ్వితే నేను చెప్ప.

…ఆనక మంచిగనే అయింది. భుజంగాసనం చేపిచ్చిన. నడుం నొప్పోళ్లు చెయ్యద్దని నువ్వు చెప్పినట్టే చెప్పిన. కృష్ణమ్మవ్వకు నొప్పి యాదికొచ్చి చెయ్యనే లేదు. కూసుండి తోటకూర తుంచుకున్నది.

…ఆఖర్ల శవాసనం.

…ఆ. గాడనే అయింది అయ్యేది.

…పండుకోమన్న. కాళ్ల బొటనవేళ్ల కాడికెళ్లి మొదలువెట్టి నువ్వు చెప్తవు సూడు, పాదాలు మెత్తగయినయ్, పిక్కలు మెత్తగయినయ్ అని. గదంత చెప్పిన. గది మెల్లగ చెప్పాలె గదా. నాకు గట్టిగ మాట్లాడుడు రానే రాదు. గందుకేమో, గది ఒక్కటి మంచిగొచ్చింది. అందరు కండ్లు మూసుకున్నరు. నన్ను ఎవ్వరు సూస్తలేరు. గప్పుడు భయం పోయింది చిన్నమ్మా.

…నిజంగ. అందరి మొకాలు సూసిన, ఒక్కొక్కరివి. రాణక్క నొసటి మీద చిన్న మచ్చ ఉన్నది, తెల్సా? …నాకు ఇయ్యాలే తెల్సింది.

…ఆనక లేపాలె. …ఆ.

…లేపలే.

…అంటే, లేపలే. శ్యామలమ్మత్త గుర్రు వెట్టింది. రాణక్క నైట్ డ్యూటీ జేసి ఇంటికి పోకుంట సీదా పార్కుకొచ్చిందట, ఆమె గుడ నిద్రవోయింది. మిగిలినోళ్లు నిద్రవోలే, గని లేవలే. మేడం లెవ్వమనేదాంక కండ్లు తెరువద్దని నేర్పినవు గదా నువ్వు. మధ్యల లేస్తే శరీరం అదురుతదని. గట్లనే ఉన్నరు. చీమ కుట్టిందేమో, ఒకామె కాలు కొద్దిగ కదిలిచ్చి మళ్ల గట్లనే పెట్టింది. ఎండ కాళ్ల మీదికెళ్లి మొకాల మీదికొచ్చింది. ఒక్కలు లేవలే.

…శానసేపే. …నల్లా నీళ్లు వచ్చి పోయినయ్.

…ఆ, ఇయ్యాల నల్లా దినమే. నాకు యాదికి లేదు. రాణక్క పిల్లల బడి ఆటో వాళ్లింటి ముందట హారన్ కొట్టి కొట్టి పోయిందట. ఆఖర్కి పార్కు వాచ్‌మెన్ కొమురెల్లి తాత గేటు కాడికెళ్లి సూసి బెదిరిండు. ఇంతమంది ఆడోళ్లు ఎండల పడున్నరు, నడిమిట్ల నేనొక్కదాన్ని కూసున్న. ఏమాయెనే బిడ్డా, వీళ్లకేం తాపినవ్ అన్నడు. గా మాటకు లేచిన్రు.

…నవ్వుతున్నవు గని, గప్పుడు నువ్వుంటే తెలుస్తుండె.

…తిట్టకేం జేస్తరు? మా ఇంట్ల తాగనీకి చుక్క నీళ్లు లెవ్వు, మీ చిన్నమ్మ అరకుకెళ్లి మోసుకొస్తదా అన్నది శ్యామలమ్మత్త. నేను ఊ అన్న. …ఏమో, ఏమనాల్నో తెల్వలే, ఊ అన్న. రాణక్క మాత్రం తిట్టలే. మస్తు నిద్రవట్టిందే అన్నది, చెప్పులేస్కుంట. ఆటో సంగతి తెల్సినంక ఉరికింది.

…ఆ. …గొంతు రాలే. గంతే, నువ్వన్నట్టే. అందర్ల మాట్లాడాల్నంటే నాకు గొంతు రాదు గదా.

…

…చిన్నమ్మా.

…గది నిజం గాదు.

…గొంతు వచ్చింది. వేళ్లు మెల్లగ కదిలియ్యిండ్రి అనాలె, గంతే గదా. నోటిదాంక వచ్చింది. నేనే అనలే.

…ఎందుకంటే, ఊకెనే.

…లేస్తే పోతరు గదా.

…చాపలు సుట్టుకొని ఎవరింటికి వాళ్లు పోతరు. నేను రూముకు రావాలె. తాళం తియ్యాలె. పండుకున్నా సరే, గుర్రు వెట్టినా సరే, సుట్టూ ఇంతమంది ఉన్నరు గదా అనిపించింది. ఇంకొక్క జరసేపు అనుకున్న. గది అయినంక ఇంకో జరసేపు. …గట్ల నల్లా పోయింది.

…ఏడుస్తలేను.

…హలో? …ఉన్నవా?

…అద్దు, అమ్మకు చెప్పకు. నేనొక్కదాన్నే ఉంటున్ననని బాపుకు తెలిస్తే బండేస్కొని వస్తడు. సదువు సాలు, ఊరికి పా అంటడు. పత్తి ఏరనీకి ఒక మనిషి దొరుకుతది ఆయనకు.

…అరే, గప్పుడే వస్త అంటవేంది? గందుకే చెప్పద్దనుకున్న నీకు. …నువ్వాగు. నేను చెప్పేది ఇను ఒకసారి.

…నువ్వాడ మంచిగున్నవు చిన్నమ్మా. నిన్న ఫోన్ల మంచు సంగతి చెప్పినవు, కాఫీ చెట్ల నడుమ నడిచిన సంగతి చెప్పినవు. నువ్వు నాతోని గంతసేపు ఎన్నడన్న మాట్లాడినవా ఈడ? …తప్పువట్టుడు గాదు. ఈడ నీకు టైమేది? తెల్లారక ముందే పార్కు. ఆడికెళ్లి కంపెనీ క్యాంటీన్ల ఆడోళ్లకు మెడలు తిప్పిచ్చుడు. ఆడికెళ్లి అంగన్‌వాడీల కడుపుతోని ఉన్నోళ్లు. సాయంత్రం పీర్జాదిగూడ అపార్ట్‌మెంటు. ఆదివారమన్న పండుకుంటవా అంటే, కాప్రా చెరువు కట్ట మీద తాతల క్లాసు. ఇంటికొచ్చి గోడకు ఒరిగి కూసుంటవు, చెప్పులు గుడ ఇడువకుంట. నేనే ఇడుస్తుంటి.

…గదే గదా నేననేది. వాళ్లు నిన్ను కుర్సీల కూసోవెట్టి జావ ఇస్తున్నరు. ఈడ నీకు నీళ్లిచ్చేది నేనొక్కదాన్నే.

…ఉండు అనలే నేను. …గట్ల గుడ అనలే.

…కాలేజికి ఎందుకు పోలేదంటే, హాస్టల్ సూసొచ్చిన. …ఆ, నేనే, ఒక్కదాన్నే. ఉప్పల్ రింగ్ రోడ్డు దాటినంక ఉన్నది. …మంచిగనే ఉన్నది. తెల్లటి గోడలు, ఫ్యాన్ తిరుగుతున్నది. కిటికీలకెళ్లి మెట్రో పోయేది కనబడుతది. రూముల ఐదుగురున్నరు, నేను పోతే ఆరుగురు.

…తోడే గదా అంటే, ఏమో. గుమ్మంల నిలవడ్డ. ఒక్కామె తలెత్తి సూసింది, మళ్ల ఫోన్ల వడ్డది. అందరి చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉన్నయ్. ఒకలతోని ఒకలు మాట్లాడుకుంటలేరు. నాతోని అసలే మాట్లాడరు. నేను గుడ మాట్లాడ. గట్లనే మస్తు దినాలు పోతయ్ చిన్నమ్మా. నా సంగతి నాకు తెల్సు.

…వార్డెన్ మంచిదే. పేరడిగింది. చెప్పిన. మళ్ల అడిగింది. మళ్ల చెప్పిన. రాసుకునేటప్పుడు గాయత్రి అని రాసుకున్నది. నేనేమనలే.

…ఎందుకు అనలేదంటే ఏం చెప్త? వచ్చేదాన్నే గాదేమో, పేరెట్లుంటే ఏంది అనుకున్న.

…ఆ. …గప్పుడే అనుకున్న, వచ్చేదాన్ని గాదేమో అని. గది నా నోట్ల ఎట్లొచ్చిందో నాకే తెల్వదు.

…చెప్పాలె గదా ఇగ. సారు సూస్తున్నడా? …సూస్తే సూడనీ.

…రా.

…

…రా అన్న. …సిగ్నల్ మంచిగనే ఉన్నది, నువ్వు కావాల్నని మళ్ల అడుగుతున్నవు.

…రా చిన్నమ్మా. నాకు అన్నం అండుకొనుడొస్తది. తాళమేస్కొని పండుకొనుడొస్తది. భయమైతలేదు. ఒక్కదాన్నే ఉండలేక గాదు, ఉన్న గదా ఇన్ని దినాలు. ఉంట గుడ. గని రా.

…సరే అన్నవా? …ఏం లేదు. గా సరే ఎట్లన్నవో ఇన్న. తెల్లారగట్ల అలారం మోగితే గిట్లనే అంటవు, సరే అని, ఎవరితోని అంటవో తెల్వదు.

…లేదు, మార్చుకోను. నీకు ఆడ మంచిగున్నదని తెల్వక గాదు అనేది. తెల్సే అంటున్న. ఉండు అని చెప్పి మంచి పిల్ల అనిపించుకుందామనే కూసున్న పొద్దటికెళ్లి. నోటికి వస్తలేదు. …స్వార్థమే. అనుకో.

…ఇప్పుడు నువ్వు ఏడుస్తున్నవా? …జలుబా. …సరే, జలుబే.

…సారుకేం చెప్త అని నన్నడిగితే? …నా పేరు చెప్పు. మా అక్క బిడ్డ గౌతమి రమ్మన్నది అని చెప్పు. …ఏమన్న అనుకుంటే నన్నే అనుకోనీ. ఆయన నాకు ఎదురువడేది లేదు గదా.

…ఆ, రైలు టికెట్ దొరికినంక చెప్పు. …స్టేషన్‌కు నేనొస్త. …ఒక్కదాన్నే వస్త, మెట్రోల. …ఎంబడి సామాను శాన ఉంటే నీ డబ్బా నంబర్ చెప్పు, గాడ్నే నిలవడత.

…పో ఇగ, ఉమ గారూ అని మళ్ల పిలుస్తున్నది. జావ సల్లారుతది.

…నిజంగ రమ్మన్ననా అంటే ఏం చెప్త? మళ్ల అనిపియ్యకు. ఒక్కసారే అననీకి వచ్చింది నాకు.

…ఊ. …ఫోన్ పెడుతున్న. …లేదు, నువ్వుండు, ఈసారి నేనే పెడుత.