సున్నా సెకన్లు

భోజనాల బల్ల మీద అరచేతంత సర్క్యూట్ బోర్డు. దానికి చెరోవైపు భార్యాభర్తలు. మీట ఆమె వైపు, కీబోర్డు అతని వైపు.

"కరెంటు ఇవ్వగానే పరుగందుకుంటోంది. నేను ఆపే మీట నొక్కేలోపే బోర్డును లేపే ప్రోగ్రాం, అదే బూట్‌లోడర్ దాటిపోతోంది. ఆగే సమయం ఎంత పెట్టారు?"

"సున్నా. త్వరగా మొదలవుతుందని."

"తప్పుంటే మధ్యలో ఆపేదెలా?"

"ఆపాల్సి వస్తుందనుకోలేదు."

"ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకి చెప్పినప్పుడూ ఇంతే. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది."

"సరేలే. బోర్డును మెమరీ కార్డులోంచి లేపి, ఆ ప్రోగ్రాం మళ్లీ రాస్తాను. ఈసారి మూడు సెకన్లు."

"ఐదు పెట్టండి."

"మీట నొక్కడానికి అంతసేపా?"

"నొక్కాలో వద్దో ఆలోచించుకోవద్దూ?"

అతను ఐదు కొట్టాడు. బోర్డు లేచి, బుద్ధిగా ఆగింది.

"పద, ఓనరుకి ఫోన్ చేసి ఖాళీ చేయట్లేదని చెప్పేస్తాను."

"చూశారా, మళ్లీ సున్నాయే పెట్టారు."