కయోటీకి ఏ తుపాకీ

వయొమింగ్‌లో గొర్రెలు ఈనే కాలం. తుపాకుల కొట్టులో వెర్న్ పెద్ద రివాల్వర్ ఒకటి ఎత్తి చూశాడు.

"నలభై నాలుగు మ్యాగ్నమ్. దీంతో కొడితే కయోటీ మళ్ళీ లేవదు."

"లేవడానికి ఏం మిగులుతుంది? మనం కొట్టేది నక్కనయ్యా, ఎలుగుబంటిని కాదు," అంది భార్య లొరెటా.

"నిన్న కూడా ఓ గొర్రెపిల్లని ఎత్తుకుపోయిందే!"

"అందుకే ఆ చిన్నది, ఇరవై రెండు మ్యాగ్నమ్ తీసుకుందాం. వెనక్కి తన్నదు, గురి తప్పదు."

"నా చేతిలో ఆ బొమ్మని చూస్తే ఊరంతా నవ్వుతారు."

"నీ చేతిలో ఎందుకుంటుంది? ఈ ఏడు కాపలా నాది. నువ్వు కాఫీ కాచివ్వు, చాలు."

వెర్న్ చేతిలో రివాల్వర్ సన్నగా వణికింది. ఆ వణుకు ఇన్నాళ్ళూ ఆమె కంట పడలేదనుకున్నాడు. దాన్ని మెల్లగా బల్లమీద పెట్టేశాడు.

"నా కాఫీ తాగితే నీ చేతులూ వణుకుతాయే," అన్నాడు.