పేరు ఇస్తా, పలుపు ఇయ్యను

కోయిలకుంట్లలో మద్దమ్మ ఇంటి ముందుగది. ఓర్వకల్లు నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన ఉమామహేశ్ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"...అదేనమ్మా, ఊరికే కనుక్కుందామని వచ్చినా. తొందరేం లేదు."

"తొందర లేకుంటే ఈ ఎండలో ఓర్వకల్లు నుంచి బండి మీద వస్తారా అప్పా? హెల్మెట్టు కూడా ఇంకా తీయలేదు నువ్వు."

"అయ్యో. మర్చేపోయినా."

"ఆ గూట్లో పెట్టు. టీ తాగుతావా?"

"వద్దులేమ్మా."

"పెట్టేసినా. చక్కెర తక్కువే వేసినాలే."

"నేను తక్కువ తాగుతానని మీకెట్ల తెలుసు?"

"మొకం చూస్తే తెలీదా. ఊఁ, చెప్పు. ఏం కావాల నీకు?"

"పేరమ్మా."

"ఎవరి పేరు?"

"మీ పేరే. అంటే మీ పేరు కాదు. స్టెబిలైజర్ పెట్టెల మీద ఉంటాది గదా, మద్దమ్మ అని. ఆ ట్రేడ్‌మార్కు మీ పేరు మీద రిజిస్టరయ్యుండాది."

"నా పేరు నా పేరు మీదే ఉండాది. అంతవరకు బాగుంది."

"దాంతోపాటు ఆ పేరుతో ఇంటర్‌నెట్టులో ఉండే సైటు అడ్రసు. డొమైను అంటారు. రెండూ కలిపి కొందామని."

"ఈ వయసులో నన్ను కొనేదానికి మనిషొచ్చినాడంటే, మా ఆయన బతికుంటే పడిపడి నవ్వేటోడు."

"అట్లంటే ఎట్లమ్మా. నేను గౌరవంగా అడుగుతాండా."

"నేనూ గౌరవంగానే చెప్తాండా. దానికి నా పేరు ఎందుకు పెట్టినాడో తెలుసునా?"

"మీ మీద ప్రేమతోనేమో."

"ప్రేమా పాడా. బయట కరెంటు ఎగిరినా పడినా ఇంట్లోకి మాత్రం సమంగా పంపేది ఈ పెట్టె, మా ఇంట్లో ఆ పని చేసేది మద్దమ్మ అన్నాడు. నేను బీకాం చదివి ఊరికే కూర్చోనుండా, కంపెనీలో లెక్కలు చూస్తానంటే, లెక్కలొద్దు, పేరియ్యి చాలన్నాడు. ఆయన పేరు పెట్టుకోవచ్చు గదా? నరసింహ అంటే ఉగ్రంగా ఉంటాదంట, జనం ముట్టుకునేదానికి జంకుతారంట."

"బాగా చెప్పినాడు సారు."

"చెప్పేది శానా బాగా చెప్తాండె. ఇబ్బందంతా నాకు. ఊర్లో ఎవరెదురైనా 'మద్దమ్మ బుర్రుమంటాంది', 'మద్దమ్మ వేడెక్కింది', 'ఒక దెబ్బేస్తే గానీ మద్దమ్మ పలకడంలేదు' అంటాండ్రి. నా మొకం మీదే."

"అబ్బా."

"నవ్వితే నవ్వు, టీ మాత్రం ఒలికించొద్దు. ఇప్పుడు ఆ పేరుతో నువ్వేం చేస్తావు?"

"స్టెబిలైజర్లే చేద్దామని ఆలోచన."

"ఆలోచనా?"

"ఆలోచనే."

"ఇంకా మొదలుపెట్టలేదు."

"షెడ్డయితే ఉండాది. ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు పక్కన. పనోళ్లు కూడా ఉండారు."

"పనోళ్లు కూడా ఆలోచిస్తాండారా?"

"లేదమ్మా, వాళ్లు... ఏవో చిన్నచిన్నవి చేస్తాండారు."

"చిన్నచిన్నవి."

"వేరేవి."

"షెడ్డు బోర్డు మీద ఏం రాసుండాది?"

"యా బోర్డు?"

"షెడ్డన్నాక బోర్డు ఉండదా?"

"బోర్డు... పెయింటరు కొంచెం తొందరపడినాడమ్మా."

"ఏమని తొందరపడినాడు?"

"మద్దమ్మ ఎలక్ట్రానిక్స్ అని."

"ఓర్వకల్లు పెయింటరుకు నేనెట్ల గుర్తొచ్చినానబ్బా."

"మీరు ఎగతాళి చేస్తాండారు."

"ఇంకా మొదలుపెట్టలేదప్పా. నాదీ ఆలోచనే. అట్ల ఆ టీవీ కింద చూడు, ఏముండాది?"

"స్టెబిలైజరు."

"ఎవురిది?"

"మీదే గదా. మద్దమ్మ అని రాసుండాది."

"మా ఆయన పోయినాక పెట్టెలు చేసేది ఆపేసినాం. పేరు ఒక్కటి రెన్యూవల్ చేయిస్తా ఉండా. ఇది పోయిన ఉగాదికి కర్నూలు అంగట్లో కొన్నా. కొత్తది, అట్టపెట్టెతో సహా. అలమరలో వరసగా మద్దమ్మ, మద్దమ్మ, మద్దమ్మ అని ఉంటే, నాకు తెలీకుండా నేను యాడన్నా కాపురం పెట్టినానా అని భయమేసింది."

"తప్పేనమ్మా. మూసేసిన కంపెనీ గదా, పేరుతో ఎవరికీ పనుండదులే అనుకున్నా. మా చిన్నప్పుడు మా ఇంట్లో మద్దమ్మే ఉండె. ఎండాకాలం కరెంటు ఎట్ల కొట్టుకున్నా మా టీవీ పోలేదు. ఆ నమ్మకంతో పెట్టుకున్నా. మొదటి పెట్టెను మహానందికి తీసకపోయి పూజ కూడా చేయించినా. స్వామి ముందర పెట్టిన పేరు, ఇంక మార్చబుద్ధి కాలేదు."

"స్వామిని అడిగినావు. నన్ను అడిగేది మర్చిపోయినావు."

"అందుకే ఇప్పుడొచ్చినా."

"ఇన్నాళ్లూ రానోడివి, ఇప్పుడెందుకొచ్చినావు? నిజం చెప్పు. టీ అయిపోయింది, దాని వెనకాల దాక్కునేదానికి లేదు."

"కడపలో పెద్ద డీలరు దొరికినాడమ్మా. జిల్లా అంతా సరుకు దించుకుంటానన్నాడు. పేరు రిజిస్ట్రేషన్ కాగితం నా పేరు మీద చూపించాలంట, సైటు కూడా ఉండాలంట. లేకుంటే ఒక్క పెట్టె కూడా ముట్టుకోనన్నాడు. శుక్రవారం లోపల చెప్పాల. షెడ్డు కోసం చేనును బ్యాంకులో పెట్టినా. ఈ బేరం పోతే షెడ్డుకు తాళం వేసుకోవడమే."

"తొందరేం లేదన్నావు."

"తొందరే ఉండాది."

"అట్ల చెప్పు. నేనీడ ఉండానని ఎవురు చెప్పినారు?"

"మా ఇంటామె. ఇంకేదన్నా పేరు పెట్టుకుందాంలే అంటే ఒప్పుకోలేదు. అడ్రసు సైట్లోనే ఉండాది, పోయి ఆమెనే అడుగు, ఆమె కాదంటే అప్పుడు చూద్దాం అని ఒకటే పోరు."

"తెలివిగలామె."

"ఏం తెలివమ్మా. అన్నిటికీ అడ్డం పడుతాంటాది. పెట్టెలో చిటుక్కుమనే చిన్న ముక్క ఉంటాది గదా, రిలే. చవకది వేస్తాండావు, మంచిది వెయ్యి అని రోజూ అదే పాట. ఇంట్లో ఉండే మనిషికి రిలే గురించి ఏం తెలుస్తాది, మీరే చెప్పండి."

"అవునవును. ఇంట్లో ఉండేటోళ్లకు ఏం తెలుస్తాది. సరే, ధర చెప్పు."

"మీరే చెప్పాల."

"కొనేటోడివి నువ్వు."

"నేననుకున్నదయితే... ఒక కొత్త ఆటో ఎంతవుతాదో అంత."

"సరే."

"సరేనా?"

"సరే అంటి గదా."

"బేరం చేయరా?"

"ఎందుకు, తక్కువ చెప్పినావా?"

"లేదు, లేదు. మీరు ఇంత అంటే నేను అంత అనాలని పొద్దున మా ఇంటామె ముందర ప్రాక్టీసు చేసి వచ్చినా. అదంతా వేస్టయిపాయె."

"పాపం. కావాలంటే ఒక తూరి కాదంటాలే."

"వద్దమ్మా, వద్దు. ఇదే బాగుంది. వకీలును రేపే పంపిస్తా. పేరు, డొమైను రెండూ—"

"పేరు వరకే."

"అర్థం కాలేదు."

"పేరు ఇస్తా. డొమైను ఇయ్యను."

"రెండూ కలిపే గదమ్మా ధర చెప్పింది."

"మీ ఇంట్లో ఎద్దులుండె గదా?"

"ఉండె. మా నాయన ఉన్నప్పుడు."

"అమ్మేటప్పుడు పలుపుతో సహా ఇస్తాండ్రా?"

"యాడన్నా ఇస్తారా? మెడలో పలుపు తాడు ఇప్పుకోని ఇంట్లో పెట్టుకుంటాం. కొన్నోడు తన పలుపు తెచ్చుకోని కట్టుకుంటాడు."

"ఎందుకట్ల?"

"పలుపు కూడా ఇచ్చేస్తే గొడ్ల భాగ్యం దాంతోనే పోతాదని. మా నాయన దాన్ని మళ్లీ వేరే దూడకు కట్టేటోడు."

"మా నాయనా అంతే. అందుకే డొమైను ఇయ్యను. అది పలుపు."

"అమ్మా, అది ఎద్దు. ఇది ఇంటర్‌నెట్టు."

"అవును. ఎద్దయితే గడ్డి తింటాది, ఇది ఏటేటా ఫీజు తింటాది. ఇంకేం తేడా?"

"అట్లంటే నేనెట్ల బతకాల? వేరే అడ్రసు పెట్టుకున్నా, జనం ఫోన్లో మద్దమ్మ అని కొడితే మీ సైటే వస్తాది. అందరూ మీ దగ్గరికే వస్తారు."

"ఇప్పుడూ వస్తాండారు."

"ఎవరు?"

"పెట్టెలు కాలిపోయినోళ్లు."

"సారు చేసిన పాత పెట్టెలా?"

"ఆయన సైట్లో ఒక మాట రాయించినాడు. మద్దమ్మ ఎప్పుడు చెడిపోయినా కోయిలకుంట్లకు పంపండి, ఊరికే బాగుచేసి ఇస్తాం అని. ఎన్నాళ్ల వరకని రాయలేదు. అట్లాంటి లెక్కలు చూస్తాననే గదా నన్ను వద్దన్నాడు. ఆయన పోయినా ఆ మాట ఆడనే ఉండాది. దాన్ని చూసుకోని వస్తారు."

"పాపం, పాతవి కదా, పోతాంటాయి."

"పాతవి యాడొస్తాయప్పా, అవి ఇంకా చెడిపోలేదు. మా ఆయన పెట్టెలకు పచ్చ దీపం. ఇప్పుడొచ్చేటివన్నీ ఎర్ర దీపం. నీ పెట్టెలకు ఏ దీపం?"

"ఇంకొంచెం టీ ఉండాదామ్మా?"

"దీపం అడిగినా."

"ఎర్రదే."

"ఊఁ."

"శానా వచ్చినాయా?"

"ఆ పక్కగది తలుపు తీసి చూడు. వద్దులే, మీద పడతాయి."

"మరి వాటిని బాగుచేసేదెవురు?"

"నేనే. మా ఆయన పక్కన కూర్చోని చూసిన చూపుండాది గదా. పప్పు పొయ్యి మీద పెడితే, అది ఉడికే లోపల ఇది అతికిస్తా. అన్నిట్లో పోయేది ఒకటే ముక్క. ఏదో నీకు తెలుసు."

"రిలే."

"చిటుక్కుమనేది."

"జనం దగ్గర దుడ్లేమన్నా తీసుకుంటాండారా?"

"నా పేరు మోసుకోనొచ్చిన పెట్టెకు నేను దుడ్లడగాల్నా?"

"ఒక్కరన్నా నాకు చెప్పలేదే."

"నీకెట్ల చెప్తారు? నీ పెట్టె మీద నీ నంబరు యాడుండాది? మద్దమ్మ అని రాసినావు, వాళ్లు మద్దమ్మను వెతుక్కోని వచ్చినారు."

"అందుకేనా... కడప డీలరు అన్నాడమ్మా, ఏ అంగట్లో అడిగినా మద్దమ్మ మీద ఒక్క మాట పడదు, రిపేరొచ్చినా ఊరికే చేసిస్తారంట అని. నేనేదో మొహమాటానికి అంటాండాడు అనుకున్నా."

"నువ్వేమన్నావు?"

"మా కంపెనీ పద్ధతే అదన్నా."

"శానా మంచి పద్ధతి. వదలొద్దు."

"ఇంక నన్నేం చేయమంటారు, చెప్పండి. కాదంటే వెళ్లిపోతా."

"మొకం అట్ల పెట్టొద్దు, పేరియ్యనని అనలేదు గదా. ఆ గదిలో ఉండేటివి, అంగళ్లలో ఉండేటివి, ఎర్ర దీపాలన్నీ తీసకపోయి మంచి ముక్క వెయ్యి. ప్రతి పెట్టె మీద నీ నంబరు వెయ్యి. అదే నువ్వు తెచ్చుకోవాల్సిన పలుపు. పెట్టె పోయినోళ్లు నన్ను మర్చిపోయి నిన్ను పిలిచిన నాడు, ఆ డొమైను నేనే తెచ్చి నీ చేతిలో పెడతా. దానికి వేరే ధర లేదు."

"అంతదాక డీలరుకు ఏం చెప్పాల?"

"సైటు మద్దమ్మ దగ్గరుండాదని చెప్పు. అబద్ధం కాదు గదా."

"సరేనమ్మా. ఒప్పుకుంటి. కానీ ఒక్క మాట చెప్పనీండి."

"చెప్పు."

"అన్నీ పోయేటివే అనుకోవద్దు. కొన్ని మొండివి ఉండాయి. మహానందిలో పూజ చేయించిన మొదటి పెట్టె, మా ఇంట్లో ఫ్రిజ్జుకు పెట్టుకున్నా. అన్నిటికీ వేసిన రిలేనే దానికీ వేసినా. ఇప్పటిదాకా కిమ్మనలేదు. దాన్ని చూసుకోనే గదా నా ధైర్యం. స్వామి దయ."

"ఒక్కనాడూ రిపేరు రాలేదా?"

"ఒక్కనాడూ."

"దానికి ఏ దీపమప్పా?"

"ఎర్రదే. అన్నిటికీ... ఆగండి. పచ్చది."

"పచ్చదెట్లయింది?"

"అదే. మొదట ఎర్రగానే ఉండె. ఈ మధ్య చూస్తే పచ్చగుండాది. వోల్టేజి బాగుంటే రంగు మారుతాదేమోలే అనుకున్నా."

"చేసేటోడివి నువ్వే గదప్పా."

"నేనే అనుకోండి. ఎందుకమ్మా, రంగుతో ఏం పని?"

"ఏం లేదు. నేను బాగుచేసిన పెట్టెలకు గుర్తుగా పచ్చ దీపం పెట్టి పంపుతా."

"మా ఇంటి పెట్టె ఇల్లు దాటలేదమ్మా. నమ్మకుంటే మా ఇంటామెకు ఫోన్ చేసిస్తా, మీరే అడగండి."

"మీ శివలీలను కొత్తగా అడిగేదేముందప్పా, ఆ పెట్టెను బట్టల సంచిలో పెట్టుకోని బస్సులో వచ్చి, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చోని, 'మా ఆయన చేసిందేనమ్మా, నేను చెప్తే వినడు, మీరు దీన్ని బాగుచేసియ్యండి, ఆయన్ను కూడా ఒకరోజు పంపిస్తా' అని చెప్పిపోయింది; టీలో చక్కెర తక్కువెయ్యమన్నదీ ఆమే."