పెండకు తోడు

"అమ్మమ్మా, పాలకు తోడేసినప్పుడల్లా ఎందుకే గట్ల నవ్వుతవ్?"

నవ్వు రాకేం జేస్తది బిడ్డా! తోడు అంటెనే నాకు నీ తొట్టెల యాదికొస్తది. నిన్ను తొట్టెలల ఏసిన పండుగ. కూసో, చెప్త. జర గా గిన్నె మీద మూత పెట్టు.

గప్పుడు తెలంగాణ సమ్మె నడుస్తుండె. బస్సుల్లేవు, బడుల్లేవు, గ్యాసుబండి మన కొడకండ్ల దిక్కే వస్తలేదు. నాకేం ఫికర్? మాకు గోబర్ గ్యాసుండె గద! కొట్టమెనుక గుంత, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. నాలుగు బర్లు... కాదు కాదు, ఐదు, మా తమ్ముడిచ్చిన సూడిబర్రె గుడ ఉండె. గసొంటి బర్రె గప్పుడు ఎంత సస్తగ దొరికేదో! సరే, గది ఇడ్శిపెట్టు. పెండ నీళ్లల్ల కలిపి గుంతల పోస్తె, గ్యాసు పుట్టి డ్రమ్ము పైకి లేస్తుండె.

గప్పుడే నువ్వు పుట్టినవ్. పుట్టంగనే దగ్గు. దవాఖానల డాక్టరమ్మ పిల్లకు పొగ తగలనియ్యొద్దన్నది. జనగామకెల్లి మీ నాయినమ్మ వచ్చి, "కట్టెలపొయ్యి ముట్టిచ్చిన్రో, తల్లిని పిల్లను తొట్టెల నాడే తోల్కపోత వదినా" అన్నది. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల గాకుంట ఏడనే? మాకు పొగ ముచ్చటే లేదు వదినా అని ఛాతి ఇరుసుకొని చెప్పిన.

ఇగ మా అత్త, మీ తాత తల్లి, మహా శుద్ధం మనిషి. పురుడు కడిగిన్నాడు ఇల్లు, కొట్టం అంత ఫినాయిలుతోని కడిగింది. గా నీళ్లన్ని కాలువపొంటి సక్కగ గుంతలకే. గుంత సుత మైలపడ్డదని అండ్ల ఇంకింత పోసింది! గుంతకు పురుడేందే అత్తా! డ్రమ్ము కూలబడ్డది. పొయ్యి ఉఫ్ మన్నది.

మీ తాత నెత్తి పట్టుకున్నడు. గోబర్ గ్యాసు ట్రైనింగుకు పోయొచ్చిన మనిషాయె. "గుంతల కంటికి కనబడని పురుగులుంటయే. కొన్ని పెండను పులియబెడ్తయి, ఇంకొన్ని గా పులుపు తిని మండే గ్యాసిడుస్తయి. గీ రెండో తీరుయి మస్తు నాజూకు. మా అమ్మ అన్నిటిని సంపింది" అన్నడు. "చీమను గూడ తొక్కలే, నేను సంపుడేందిరా!" అని మా అత్త ఒకటే ఏడ్పు.

"పాలిరిగితె ఏం జేస్తం? గిన్నె కడిగి మల్ల తోడేస్తం" అన్న నేను. గుంత తోడి పారబోసినం, కొత్త పెండ పోసినం. తోడుకు తండాల చాందీ ఇంటికి పోయినం. నాతోని నాట్లకొచ్చే దోస్తు, ఆమెకు గుడ గోబర్ గ్యాసుండె. "దీపం పెట్టినంక తోడియ్యరక్కా, పొద్దుండంగనే తీస్కపో" అని నవ్వుకుంట, పాలక్యాన్లల్ల గుంతనీళ్లు నింపిచ్చింది.

తొవ్వల రాస్తారోకో. రోడ్డు మీదనే వంటావార్పు. పోరగాండ్లు మా ఎడ్లబండి ఆపిన్రు.

"క్యాన్లల్ల ఏందవ్వా?"

"తోడు నాయినా."

"గింత తోడా! ఏ పాలకు?"

"పాలకు గాదు, పెండకు!"

ముక్కులు మూసుకొని నవ్వుడే నవ్వుడు! సంగతి చెప్తె, "జరుగుండ్రి, పసిపిల్ల పొయ్యి పోతుంది" అని తొవ్విచ్చి జై తెలంగాణ అన్నరు. మీ తాత క్యాన్ల నడుమ కూసోని పెండ్లిపిలగాని లెక్క చేతులూపుతుండె.

గన్ని దినాలు వంటంత పక్కింట్లనే. కొన్నొద్దులకు డ్రమ్ము లేచింది గని, పుల్ల పెడ్తె అంటుకుంటలేదు. "లేస్తది గని మండది, మీ మామ కోపం లెక్క" అన్నది మా అత్త. పులియబెట్టేటియి ముందుగాల తెలివికొస్తయి, మండే గ్యాసిడిసేటియి ఆలిస్యం అని మీ తాత గా గ్యాసంత ఇడ్శిపెట్టిండు.

తొట్టెల నాడు పొద్దుగాల మీ నాయినమ్మ దిగింది. దిగుడు దిగుడే వంటింట్లకు. పుల్ల గీసిన... గుప్పున నీలిమంట! నాకంటె ముందు మా అత్త ఎగిరింది బిడ్డా! నీకు తానం నీళ్లు గా మంట మీదనే కాగినయి. మీ నాయినమ్మ సూసి సూసి, "ఇంకో రెండు నెల్లు ఉంచుకో వదినా" అన్నది. ఎంత సంబురమైందో నాకు!

గప్పటిసంది మా అత్త రోజూ పెండ పోసి, గుంతలకు వంగి, "తిన్నరా నాయినా?" అని అడిగేది. మంచంల పడ్డంక సుత, కండ్లు తెరుస్తె గదే మాట: "పిల్లా, గుంతలోళ్లకు పెట్టినవా?"

సల్లగుండు బిడ్డా, నూరేండ్లు బత్కు. ఇంకో సుక్క తోడెయ్యి, సలికాలం గద...