పదకొండో చీటీ

ఫిబ్రవరి ఆదివారం, చర్చిలో పూజ అయి వచ్చాక సారపాకలో ఒక క్వార్టర్ వరండా. భార్యాభర్తల మధ్య ఫోను, దాని పక్కన మడత పెట్టిన కాగితపు చీటీలు.

"మార్చిల నాలుగే రోజులు సెలవు. పారిస్ పోదామా, ఆమ్‌స్టర్‌డామ్ పోదామా? గక్కడ అప్పటికి పూలు మొదలైతయట."

"చర్చిల మాత్రం మీరు రోముకు పోతున్నమని చెప్పొచ్చిండ్రు."

"ఈస్టర్ ముందటి తపస్సు కాలంల షికారుకు పోతున్నమంటే నలుగురు ఏమనుకుంటరు? నోటికి రోమొచ్చింది."

"గందుకే ఈ చీటీలు. రోముల దేవుని ముందట పెట్టుమని పదకొండు మంది ఇచ్చిండ్రు."

"పారిస్‌ల గూడ పెద్ద చర్చి ఉంది. అక్కడ పెడ్తే దేవుడు వినడా?"

"దేవుడు వింటడు. మరి అంతోనమ్మకు ఏం చెప్తరు?"

"చర్చి ఊడ్చే అంతోనమ్మా? ఆమెకు రాయరాదు గద."

"పదకొండోది ఆమెదే. నాతోని రాయించింది."

"ఆమె పెద్దకొడుకు దవాఖానాల ఉన్నడు. వాని గురించే అయ్యుంటది."

"నేను గూడ గట్లనే అనుకున్న. 'మా కోసం గంత దూరం పోతున్నరు, వీళ్లను సల్లగ తీస్కరా ప్రభువా' అని రాయుమన్నది. అంతే."

"కొడుకు మాటే లేదా?"

"లేదు. కింద వేలిముద్ర గూడ ఏసింది, ఎవరు పంపిండ్రో దేవునికి తెల్వాలె గదా అని."

"నువ్వైన అప్పుడు నిజం చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలె? ఆమె బొటనవేలికి సిరా పూసింది నేనే."