దేశానికో రేడియో

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే కారులో ముందు సీట్లో జీవమ్మ కూర్చుంది. వెనక ఆమె కూతురు అక్షయ నిద్రపోతోంది. కారు నడుపుతున్నది జీవమ్మ మేనల్లుడు అజయ్ కుమార్. ఏడేళ్లు కువైట్‌లో ఉండి పోయిన నెలే తిరిగొచ్చాడు.

"రేడియో ఆపేసినావేందిరా? బాగానే పాడతాండాది గదా."

"యాడ పాడతాండాది అత్తా? ఒక పాట, పది ప్రకటనలు. నడుమ ఆ పిల్ల ఊరికే ఇకిలిచ్చేది. ఇదీ ఒక రేడియోనా?"

"ఓహో. కువైట్‌లో ఇకిలిచ్చరేమో."

"ఆడ మర్యాద ఉంటాది. నమాజు వేళైతే ఎంత మంచి పాటైనా నడుమలోనే ఆపుతారు. మలయాళమోళ్ల రేడియో ఇంకో తీరు. ఎవురికి రక్తం కావల్ల, ఎవురి శవం ఊరికి పంపల్ల, అన్నీ అండ్లోనే చెప్పుకుంటారు. మనోళ్లు అంతమంది ఉండారు, ఒక్క తెలుగు మాట వినపడదు."

"మంచి పనికి పోతాంటే శవాల మాటెందుకురా? ఆళ్లగడ్డలో ఏజెంటు శేషయ్య కాచుకోనుంటాడు. నేనడిగింది చెప్పు. కువైట్‌లో పనికి పోయిన ఆడపిల్లకి గది వేరేగా ఇస్తారా?"

"లండనోళ్లది మరీ వింత. సముద్రంలో గాలి యాడ ఎట్ల కొడతాదో పడవలోళ్లకి చదువుతారు. పాట లేదు, ఏం లేదు."

"గది సంగతి అడిగితే గాలి సంగతి చెప్తాండావు."

"జపానోళ్లైతే పొద్దున్నే రేడియోలో చెప్పినట్ల కసరత్తు చేస్తారంట. ముసిలోళ్లు కూడా."

"థూ. ఏడేండ్లు దేశం పోయి నేర్చుకున్యాది ఇదా? నీ మాదిరే పోయిన వెంకటలక్ష్మమ్మ కొడుకు రెండేండ్లకే మిద్దె కట్టినాడు. నువ్వు రేడియో కథలు మోసుకొచ్చినావు."

"కథలు కాదు అత్తా. విన్యా."

"కారు తోలేటోనికి దేశదేశాల రేడియో వినే తీరికేందిరా? మీ షేకు నిన్ను కూర్చోబెట్టి వినిపిచ్చినాడా?"

"శిరివెళ్ల వచ్చె. టీ తాగుదామా?"

"టీ వద్దు, ఏమొద్దు. చెప్పు."

"కారు యాడిది అత్తా."

"ఏందీ?"

"డ్రైవరని పంపినారు. దిగినంక వంటింట్లో ఏసినారు. పాస్‌పోర్టు గుంజుకున్యారు. వాకిలి దాటనిచ్చింది లేదు. ఆ వంటింట్లో పాత రేడియో ఒకటుండె. పొద్దుగూకితే అన్ని దేశాలూ వచ్చేవి. నాతో మాట్లాడింది అదొక్కటే."

"అబద్ధాలు చెప్పొద్దు. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్ చేస్తాంటివి. నవ్వతా మాట్లాడేటోనివి గదరా."

"ఆ షేకు పక్కన్నే నిలబడేటోడు. తెలుగు రాదు. ఏడిస్తే మాత్రం తెలిసిపోతాది గదా."

జీవమ్మ వెనక్కి తిరిగి కూతుర్ని చూసుకుంది.

"వచ్చి నెలాయె. ఒక్కరికన్నా చెప్పినావా?"

"దొర వచ్చినాడు, దొర వచ్చినాడు అంటాంటే ఏమని చెప్పేది?"

"దొరంట. నీ మొగం. పొద్దున దీని పాస్‌పోర్టు నా చేతిలో చూసి కూడా నోరు మెదపకపోతివి. నా బిడ్డని నీ చేత్తోనే తీసకపోయి దింపుతాండావు."

"అందుకే గదా అత్తా, ఇంత నిదానంగా పోతాండా."

"నిదానంగా పోతే యాడికి పోతామురా? ఆళ్లగడ్డకే గదా. తిప్పు బండి."

"తిప్పుతాండా."

"మంచి ఇల్లుండాది, అక్షయకి పని ఉండాదని వచ్చిన రోజే మా యింటికొచ్చి చెప్పింది నువ్వే గదరా. అట్లాంటి కొంపలని తెలిసీ ఎట్ల చెప్పినావు?"

"రోడ్డు చూడనీ అత్తా. లారీ వస్తాండాది."

"లారీని పోనీ. వాకిలే దాటనియ్యనోళ్లు నిన్ను మాత్రం ఎట్ల వదిలినారు?"

"నా బదులు ఇంకొకర్ని పంపుతానంటే వదిలినారు."